ఫోల్డర్లకి పెట్టుకున్న రంగులన్నీ ఒక్క రాత్రిలో పోయాయి, ఏం జరిగి ఉంటుంది?

తణుకు_స్టూడియో | ఆదివారం 12:10

అందరికీ నమస్కారమండి. మాది తణుకు దగ్గర చిన్న ఫోటో స్టూడియో, పక్క గదిలో డీటీపీ కూడా, శుభలేఖలు ఫ్లెక్సీలు అన్నీ చేస్తాం. నా సిస్టమ్ విండోస్ 11, డి డ్రైవ్‌లో పెళ్లిళ్లు అని ఒక ఫోల్డర్, దాంట్లో పార్టీకో ఫోల్డర్ చొప్పున 140 దాకా ఉంటాయి. రెండేళ్లుగా కూర్చుని ఒక్కోదానికీ రంగు పెట్టుకున్నానండి. ఎర్రది అంటే ఫోటోలు కాపీ అయ్యాయి గానీ ఎడిటింగ్ ముట్టుకోలేదు, నీలం అంటే సెలక్షన్‌కి పార్టీ దగ్గరుంది, ఆరెంజ్ అంటే ఆల్బమ్ డిజైన్ నడుస్తోంది, ఆకుపచ్చ అంటే ఆల్బమ్ ఇచ్చేశాం డబ్బులూ వచ్చేశాయి. నల్లది అంటే ఆల్బమ్ ఇచ్చేశాం, డబ్బులు మాత్రం రాలేదు. (నల్లవి ఎన్నో అడక్కండి.)

ఇవాళ పొద్దున షాపు తీసి సిస్టమ్ ఆన్ చేస్తే అన్నీ పసుపే. ఒక్కటంటే ఒక్కదానికి రంగు లేదు. పైగా ప్రతి ఫోల్డర్లోనూ డెస్క్‌టాప్ అని పేరుతో పళ్లచక్రం బొమ్మున్న ఫైలొకటి కొత్తగా కనబడుతోంది, ఇదివరకు ఎప్పుడూ చూళ్లేదు. వైరస్ అనుకుని ఓ ఇరవై ఫోల్డర్లలోంచి డిలీట్ కూడా కొట్టేశా. ఫోటోలన్నీ బానే తెరుచుకుంటున్నాయి, అదొక్కటే ఊరట. సీజన్ నెత్తి మీదుంది, ఏ పెళ్లి ఏ దశలో ఉందో నాకు ఆ రంగుల్లోనే తెలుస్తుంది, పేర్లు చూస్తే ఏమీ గుర్తు రాదు. ఎవరైనా దారి చూపించండి బాబూ.


నెట్‌సెంటర్_నాని | ఆదివారం 12:24

అన్నా ముందు ఆ డిలీట్ కొట్టడం ఆపెయ్. అది వైరస్ కాదు, నీ రంగులు ఉండేదే దాంట్లో. నేను ఇక్కడ ఆధార్ ప్రింట్లు తీస్తున్నా, క్యూ ఉంది, మళ్లీ వస్తా.


కోడ్‌కూర | ఆదివారం 13:02

నాని చెప్పింది కరెక్ట్. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కస్టమైజ్, ఛేంజ్ ఐకాన్ అని వెళ్లి మీరు బొమ్మ మార్చినప్పుడు విండోస్ ఆ ఫోల్డర్ లోపల డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ అని ఓ బుల్లి చీటీ రాసి పెడుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరవండి, రెండు మూడు లైన్లకి మించి ఉండవు, పైన షెల్‌క్లాస్‌ఇన్ఫో అని ఓ శీర్షిక, కింద ఐకాన్‌రిసోర్స్ అని రాసి ఐకాన్ ఫైలు ఎక్కడుందో దాని పాత్. అంటే రంగు ఫోల్డర్‌కి పూసింది కాదు, ఫోల్డర్లు చూపించే ఎక్స్‌ప్లోరర్ ఈ చీటీ చదివి బొమ్మ మార్చి చూపిస్తోంది అంతే. ఆ చీటీ మీద హిడెన్, సిస్టమ్ అని రెండు ముద్రలు కొట్టి దాచేస్తుంది కాబట్టి మామూలుగా మన కంట పడదు.

రెండోది చాలామంది పట్టించుకోరు. ప్రతి ఫోల్డర్లోకీ తొంగి చూసి చీటీ ఉందా లేదా అని వెతుక్కుంటూ పోతే ఎక్స్‌ప్లోరర్ నత్తనడక నడుస్తుంది. అందుకే ఫోల్డర్‌కి రీడ్ ఓన్లీ ముద్రో సిస్టమ్ ముద్రో ఉంటేనే లోపల చీటీ చూస్తుంది, లేకపోతే పట్టించుకోదు. ఎప్పుడైనా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిస్తే రీడ్ ఓన్లీ పక్కన డబ్బాలో టిక్కు కాకుండా సగం నిండినట్టు ఉంటుంది చూశారా, తీసేసినా మళ్లీ వస్తుంది, మనం తల గోక్కుంటాం. ఫోల్డర్‌కి ఆ ముద్ర అంటే లోపల ఏదీ మార్చకూడదని కాదు, "నా లోపల చీటీ ఉండొచ్చు, చూడు" అని.

మీకు రంగులన్నీ ఒకేసారి పోయి చీటీలన్నీ ఒకేసారి బయటపడ్డాయి అంటే ఎవరో ముద్రలన్నీ చెరిపేశారు. నిన్న ఆ సిస్టమ్ మీద ఎవరు కూర్చున్నారు?


తణుకు_స్టూడియో | ఆదివారం 14:40

మా కుర్రాడేనండి. ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. నిన్న సాయంత్రం ఒక పార్టీ పెన్‌డ్రైవ్ తెచ్చారట, తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు అయిపోయి ఉన్నాయట, వీడు ఎక్కడో చూసి నేర్చుకున్న కమాండ్ ఏదో కొట్టాడు, పెన్‌డ్రైవ్ బాగుపడింది. అంతటితో ఊరుకోకుండా "మన డ్రైవ్‌లో కూడా దూరిందేమో అని డికి కూడా కొట్టేశానన్నా" అంటున్నాడు. మంచి చెయ్యబోయాడు పాపం, ఏమనను.


నెట్‌సెంటర్_నాని | ఆదివారం 14:51

అయిపోయింది, దొంగ దొరికాడు 😂 ఆ కమాండ్ మా షాపులో గోడ మీద స్కెచ్ పెన్‌తో రాసుంటది అన్నా. ఆట్రిబ్, మైనస్ హెచ్, మైనస్ ఆర్, మైనస్ ఎస్, స్లాష్ ఎస్, స్లాష్ డి, స్టార్ డాట్ స్టార్. పదేళ్లుగా రోజుకి రెండు సార్లన్నా కొట్టుంటా. షార్ట్‌కట్ వైరస్ అసలు ఫోల్డర్లని దాచేసి వాటి పేరుతో షార్ట్‌కట్లు పెడద్ది కదా, ఇది దాచినవన్నీ బయటికి లాగుద్ది. మైనస్ ఆర్ అంటే రీడ్ ఓన్లీ, మైనస్ ఎస్ అంటే సిస్టమ్ తీసెయ్యమని, అంటే నీ ఫోల్డర్ల ముద్రలు కూడా పోయినట్టే. నాకు ఇన్నేళ్లలో ఈ సంగతి తట్టనే లేదు, ఎందుకంటే పెన్‌డ్రైవ్‌లో ఎవడూ రంగులు పెట్టుకోడు కదా.

సింపుల్, ఉల్టా కొట్టు. అదే కమాండ్ ప్లస్ ఆర్ పెట్టి స్టార్, స్లాష్ ఎస్, స్లాష్ డి. అన్నీ వెనక్కి వచ్చేస్తయ్.


కోడ్‌కూర | ఆదివారం 15:05

ఆగండి ఆగండి అది కొట్టకండి!! స్టార్ అని ఇస్తే ఫోల్డర్లకే కాదు, లోపలున్న ప్రతి ఫోటోకి, ఫోటోషాప్ పీఎస్‌డీకి, కోరల్ ఫైలుకి కూడా రీడ్ ఓన్లీ పడుతుంది. ఫైలుకి ఆ ముద్ర పడితే నిజంగానే సేవ్ అవ్వదు. రేపు ఆల్బమ్ డిజైన్ మార్చి కంట్రోల్ ఎస్ కొడితే కుదరదు పొమ్మంటుంది, మీ కుర్రాడి మీద మళ్లీ అరుస్తారు.

ఫోల్డర్లకి మాత్రమే పడాలంటే ఫర్ కమాండ్ వాడాలి. ఫర్, స్లాష్ డి, పర్సెంట్ ఐ, ఇన్, బ్రాకెట్లో డి డ్రైవ్ పెళ్లిళ్లు స్టార్, డూ, ఆట్రిబ్ ప్లస్ ఆర్, కోట్స్‌లో పర్సెంట్ ఐ. ఆ స్లాష్ డి ఉంటే ఫోల్డర్లనే తీసుకుంటుంది, ఫైళ్ల జోలికి పోదు. పేర్లలో ఖాళీలు ఉంటాయి కాబట్టి కోట్స్ మర్చిపోవద్దు. బయటపడ్డ చీటీలని మళ్లీ దాచాలంటే ఆట్రిబ్ ప్లస్ హెచ్ ప్లస్ ఎస్ అని డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ పేరు ఇచ్చి చివర స్లాష్ ఎస్, అది ఆ పేరున్న ఫైలుకే తగులుతుంది కాబట్టి భయం లేదు. ముందు ఒక్క ఫోల్డర్ మీద చేసి చూసుకుని తర్వాత మొత్తానికి కొట్టండి.


నెట్‌సెంటర్_నాని | ఆదివారం 15:09

సారీ అన్నా, నిజమే. గోడ మీద కింద ఇంకో లైను రాయాలి ఇప్పుడు.


తణుకు_స్టూడియో | ఆదివారం 18:33

కోడ్‌కూర గారూ మీ నోట్లో పంచదార పొయ్యాలండి. ఫర్ అని కొట్టి ఎంటర్ నొక్కి ఎఫ్5 కొట్టగానే వరసగా రంగులొచ్చాయి, కుర్రాడు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు. లెక్కపెట్టా. మొత్తం 143. చీటీ నేనే డిలీట్ చేసినవి 22, రీసైకిల్ బిన్ కూడా పొద్దున్నే ఖాళీ చేసేశా నా తెలివికి, అవి పోయినట్టే. మిగతా 121లో 116 వచ్చేశాయి. ఐదు మాత్రం చీటీ ఉంది, ముద్ర ఉంది, అయినా పసుపు పచ్చగానే ఉన్నాయి. అదేం మాయ?


కోడ్‌కూర | ఆదివారం 18:50

ఆ ఐదింట్లో ఒక చీటీ తెరిచి పాత్ చదవండి.


తణుకు_స్టూడియో | ఆదివారం 18:58

సి డ్రైవ్, యూజర్స్, నా పేరు, డౌన్‌లోడ్స్... ఓహో. పోయిన నెల డౌన్‌లోడ్స్ అంతా ఊడ్చేశానండి, దాంతో పాటే ఐకాన్ ఫైలు పోయింది. ఇవి అప్పట్నుంచే పసుపై ఉంటాయి, నేను గమనించలేదు.


కోడ్‌కూర | ఆదివారం 19:20

అదే. ఛేంజ్ ఐకాన్ డబ్బాలోంచి పెడితే పూర్తి పాత్ రాస్తుంది, ఆ ఫైలు అక్కడి నుంచి కదిలితే బొమ్మ గోవిందా. ఇదే హార్డ్ డిస్క్ ఇంకో సిస్టమ్‌కి పెట్టినా అంతే, అక్కడ మీ సి డ్రైవ్ ఉండదు కదా. దీనికి విరుగుడు, ఐకాన్ ఫైలుని ఆ ఫోల్డర్ లోపలే పెట్టి చీటీలో పాత్ అంతా తీసేసి ఉత్త ఫైలు పేరు మాత్రం ఉంచడం. అప్పుడు ఫోల్డర్ ఎటు పోతే రంగు అటు వెళ్తుంది, డ్రైవ్ అక్షరం డి నుంచి ఎఫ్ అయినా ఫరక్ పడదు. ఒక్కో ఐకాన్ ఫైలు మహా అయితే వంద రెండొందల కేబీ, పెళ్లికి నాలుగు వేల ఫోటోలు తీసే మీకు అదో లెక్క కాదు.

ఐకాన్ చేసుకునేటప్పుడు జేపెగ్ పేరు మార్చి డాట్ ఐకో అని పెడితే ఐకాన్ అవ్వదు, లోపల ఐకాన్లే లేవంటుంది. అది నిజానికి ఒక సంచీ లాంటిది, దాంట్లో 16, 32, 48, 256 పిక్సెళ్ల సైజుల్లో అదే బొమ్మ విడివిడిగా ఉంటుంది. గింప్ అనే ఫోటో ఎడిటర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, ఇర్ఫాన్‌వ్యూ కూడా సేవ్ చేస్తుంది. ఇవేమీ వద్దనుకుంటే విండోస్‌లోనే సిస్టమ్32లో షెల్32, ఇమేజ్‌రెస్ అనే రెండు డీఎల్ఎల్ ఫైళ్లలో బోలెడు బొమ్మలున్నాయి, అవి ఎక్కడికీ పోవు.


ఎక్సెల్_ఎల్లయ్య | ఆదివారం 20:15

నేన్ కరీంనగర్ల జీఎస్టీ ఫైలింగ్ చేస్త. అరవై మంది పార్టీలున్నరు. మొదట్ల నేను గూడ గిట్లనే రంగులు పెట్టిన అన్న, తర్వాత విసుగొచ్చి బంద్ చేసిన. ఎందుకో జెప్త. నీ పెళ్లి ఎర్ర నుంచి నీలం, నీలం నుంచి ఆరెంజ్, గట్ల ఐదు సార్లు మారుతది. ఒక్కో సారి ప్రాపర్టీస్, కస్టమైజ్, ఛేంజ్ ఐకాన్, బ్రౌజ్, ఓకే, ఓకే... మారని దానికి రంగు పెట్టాలె గని రోజు మారే దానికి రంగేంది? నేనైతే 1_రాలేదు, 2_చేస్తున్న, 3_అయింది అని మూడు పెద్ద ఫోల్డర్లు పెట్టి పార్టీ ఫోల్డర్‌ని లాగి అండ్ల పడేస్త. పదకొండో తారీఖు జీఎస్టీఆర్-1 రిటర్న్, ఇరవైకి 3బి రిటర్న్, మధ్యల రంగులేసుకుంట గూసుంటే లేట్ ఫీజు ఎవరు కడ్తరు?

నెలలు కూడా ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి 01_ఏప్రిల్, 02_మే అట్ల 12_మార్చి దాకా. నంబర్ పెట్టకపోతే అక్షరాల వరస ప్రకారం ఆగస్టు ముందుకొచ్చి గూసుంటది. ఐకాన్ మాత్రం ఒక్కదానికే పెడ్త, నోటీస్ వచ్చిన పార్టీకి. ఎర్ర గుండ్రం. అది జూస్తెనే గుండె ఝల్లుమనాలె.


తణుకు_స్టూడియో | ఆదివారం 20:41

ఎల్లయ్య గారూ మీరు చెప్పింది బావుంది గానీ నాకు కుదరదండి. ఫోల్డర్‌ని అటూ ఇటూ లాగితే ఫోటోలు సర్దే లైట్‌రూమ్‌లో పాత్ తెగిపోతుంది, ఫోల్డర్ మీద ప్రశ్నార్థకం పెట్టి ఫోటోలన్నీ మిస్సింగ్ అంటుంది. పేజ్‌మేకర్‌లో లింక్ చేసిన బొమ్మలు కూడా అంతే. ఒకసారి అలా లాగి ఒక రాత్రంతా లింకులు కలుపుకుంటూ కూర్చున్నా. ఫోల్డర్ కదలకూడదు, గుర్తే మారాలి, అదే నా బాధ. రంగు మార్చడానికి తొందరైన పద్ధతి ఏదైనా ఉందా?


కోడ్‌కూర | ఆదివారం 20:59

ఆల్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే ప్రాపర్టీస్ తిన్నగా తెరుచుకుంటుంది, ఒక అడుగు తగ్గుతుంది. లేదంటే సార్డమ్ వాళ్ల ఫోల్డర్ పెయింటర్ అని ఉచితంగా దొరుకుతుంది, రైట్ క్లిక్ మెనూలోనే రంగులు వచ్చేస్తాయి. వాళ్ల సైట్ నుంచే తీసుకోండి, పక్క సైట్ల నుంచి వద్దు. నేను ఒకసారి రంగుల ఫోల్డర్లు అని ఏదో సైట్‌లో దించుకుంటే బ్రౌజర్ హోమ్ పేజీ మారిపోయి రెండు రోజులు శుభ్రం చేసుకున్నా.


నెట్‌సెంటర్_నాని | ఆదివారం 21:30

దీనికి తోడు ఒక మాట. బొమ్మ చూసి నమ్మడం అలవాటైతే ప్రమాదమే. అప్పట్లో న్యూ ఫోల్డర్ అని పేరుతో అచ్చం పసుపు ఫోల్డర్ బొమ్మే వేసుకుని వచ్చేది వైరస్, అసలుకి అది డాట్ ఈఎక్స్ఈ. జనం ఫోల్డరే కదా అని డబుల్ క్లిక్ కొట్టేవోళ్లు, అంతే సంగతులు. అందుకే మా షాపులో అన్ని సిస్టమ్స్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి పెడతా. హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉంటే పర్లేదు, ఎలకల మందు ఉంటేనే కష్టం.


రంగులు_తెలీనోడు | ఆదివారం 22:12

చాలా రోజులకి నోరు తెరుస్తున్నా. నాకు ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలీదు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్ష పాసై మెడికల్‌కి వెళ్తే చుక్కల బొమ్మల పుస్తకం చూపించి ఏ అంకె కనబడుతోంది అన్నారు, నాకు ఒట్టి చుక్కలే కనబడ్డాయి. అప్పటిదాకా నాకే తెలీదు. ఇప్పుడు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నా, మా మేనేజర్ షేర్డ్ డ్రైవ్‌లో ఎర్రవి పెండింగ్, పచ్చవి అయిపోయినవి అని పెట్టాడు. నా కంటికి రెండూ ఒకే బురద రంగు. మూడు నెలలు పక్క సీట్లో అమ్మాయిని "ఇది ఏ రంగు" అని అడుక్కుంటూ బతికా, ఆమె నేనేదో మాట కలపడానికి అడుగుతున్నా అనుకుంది.

స్టూడియో గారూ, రేపు ఇంకో కుర్రాడు వచ్చి వాడిక్కూడా నాలాగే ఉంటే? రంగుతో పాటు ఆకారం కూడా మార్చండి. సెలక్షన్‌కి టిక్కు గుర్తు, డిజైన్‌కి కత్తెర, బాకీకి రూపాయి గుర్తు, అలా. ఇంకోటి, మీరు డీటెయిల్స్ వ్యూలో చూస్తే ఐకాన్ 16 పిక్సెళ్లే. అంత చిన్నదాంట్లో ఫోటో పెడితే ఎవరి ముఖమైనా ఇడ్లీలాగే ఉంటుంది. ఒక్క అక్షరం లావుగా వేస్తే మాత్రం కనబడుతుంది.


తణుకు_స్టూడియో | ఆదివారం 22:20

అయ్యో బాబూ ఈ కోణం నాకు తట్టలేదండి. రూపాయి గుర్తు మాత్రం అదిరింది.


మాస్టారు_పిఠాపురం | సోమవారం 06:05

పిల్లలూ శుభోదయం. నాది హెడ్మాస్టరుగా రిటైరయిన ప్రాణం. మా నాన్నగారు తాలూకాఫీసులో రికార్డు కీపరు, ఆ గదిలో దస్త్రాలన్నీ ఎర్ర గుడ్డ మూటలే, ఏ మూటలో ఏ ఊరిదో ముడి చూసి చెప్పేవారు. మీ రంగుల గొడవ చదువుతుంటే ఆ ముళ్లు గుర్తొచ్చాయి.

నేను చేసుకున్నది ఏమిటంటే, ఇంట్లో కంప్యూటర్లో మనిషికో ఫోల్డరు. ఆధార్, పాన్, పట్టాదారు పాసు పుస్తకం, కంటాసుపత్రి కాగితాలు, ఎవరివి వాళ్ల దాంట్లో స్కాన్ చేసి పెట్టాను. మా ఆవిడకి తెలుగు వచ్చు గాని కంప్యూటర్లో ఆ చిన్న అక్షరాలు కనబడవు. అందుకని ఒక్కోదానికీ వాళ్ల ముఖమే ఐకానుగా పెట్టి, ఎక్స్‌ట్రా లార్జ్ ఐకాన్స్ అని పెద్దవి చేసి ఉంచాను. మనవరాలిది పళ్లు ఊడిన ఫోటో. మొన్న నేను ఊళ్లో లేనప్పుడు కరెంటు బిల్లు కోసం ఎవరో వస్తే మా ఆవిడే వెతికి ప్రింటు తీసింది. కరెంటు మీటరు ఫోటో ఐకానుగా ఉన్న ఫోల్డరు కదా, కష్టం కాలేదుట.

నా సందేహం ఒకటే. వీటి పేర్లు తెలుగులో పెట్టవచ్చునా? ఏదైనా ఇబ్బందా?


కోడ్‌కూర | సోమవారం 09:10

పెట్టొచ్చు మాస్టారూ, విండోస్ యూనికోడ్ పేర్లు హాయిగా తీసుకుంటుంది. వరసలో ఇంగ్లీషు పేర్ల తర్వాత తెలుగు పేర్లు వస్తాయి, అంతే. పాత సాఫ్ట్‌వేర్లతోనే చిక్కు, యూనికోడ్ తెలీనివి పాత్‌లో తెలుగు అక్షరాలన్నిటికీ బదులు ప్రశ్నార్థకాలు వేసి ఫైలు లేదంటాయి.


తణుకు_స్టూడియో | సోమవారం 09:35

అవునండి, అందుకే నేను తెలుగు జోలికి పోలేదు. డీటీపీలో అను ఫాంట్స్‌తో పుట్టి పెరిగినవాళ్లం, అందులో కొట్టింది ఆ ఫాంట్ తీసేస్తే పిచ్చి గీతలే కదా, ఫైల్ పేరులోకి రాదు. అందుకని మా పేర్లన్నీ రవి స్వాతి మ్యారేజ్ ఫైనల్, ఫైనల్2, ఫైనల్ ఒరిజినల్, ఇలా ఇంగ్లీషులోనే ఏడుస్తాయి. ల్యాబ్‌కి పంపేటప్పుడు కూడా తెలుగు పేరుంటే వాళ్ల సిస్టమ్‌లో తెరుచుకోదని తిప్పి పంపుతారు.


కోడ్‌కూర | సోమవారం 10:02

అయితే మీకో గమ్మత్తు చెప్తా. అదే చీటీలో లోకలైజ్డ్‌రిసోర్స్‌నేమ్ అని ఇంకో లైను రాసి తెలుగు పేరు ఇవ్వండి. ఫోల్డర్ అసలు పేరు ఇంగ్లీషులోనే ఉంటుంది, ల్యాబ్‌కీ లైట్‌రూమ్‌కీ అదే కనబడుతుంది, మీకు ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం రవి వెడ్స్ స్వాతి అని తెలుగులో కనబడుతుంది. ఇన్ఫోటిప్ అని ఇంకో లైను కూడా ఉంది, మౌస్ పైన పెడితే చిన్న డబ్బాలో ఆ మాట వస్తుంది. ఏదైనా రాసుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త, నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ కొట్టినప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-16 ఎల్ఈ ఎంచుకోండి. యూటీఎఫ్-8లో సేవ్ చేస్తే తెలుగు బదులు చెత్త అక్షరాలు వస్తాయి, నేను ఒక పూట దాని మీదే పోగొట్టుకున్నా.


పెంగ్విన్_పంతులు | సోమవారం 11:48

లినక్స్ వాళ్లం కూడా ఉన్నామని గుర్తు చెయ్యడానికి వచ్చాను. మింట్‌లో నెమో అనే ఫైల్ మేనేజర్ వాడేవాళ్లకి రైట్ క్లిక్‌లోనే రంగుల చుక్కలు వరసగా ఉంటాయి, ఒక్క నొక్కు. కేడీఈ డాల్ఫిన్‌లో ప్రాపర్టీస్‌లో బొమ్మ మీద నొక్కితే చాలు, అది డాట్ డైరెక్టరీ అనే దాగిన ఫైలులో రాసుకుంటుంది, మీ డెస్క్‌టాప్ ఐఎన్ఐకి పెదనాన్న కొడుకు లాంటిది. గ్నోమ్‌లో మాత్రం ఆ సంగతి ఫోల్డర్లో కాకుండా మీ యూజర్ ఖాతాలో విడిగా ఉంటుంది, కాబట్టి డిస్క్ ఇంకొకరికి ఇస్తే రంగు వెంట వెళ్లదు.

మాస్టారి ప్రశ్నకి నా వైపు నుంచి ఒక హెచ్చరిక. లినక్స్ డిస్కులకి వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో ఫైలు పేరు 255 బైట్లకి మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు యూనికోడ్ కోడ్ ఒక్కోదానికి మూడు. అంటే మనకి 85 కోడ్లే. లక్ష్మి అని రాస్తే కంటికి రెండక్షరాలు, లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, మొత్తం ఏడు కోడ్లు, 21 బైట్లు. మా గుడి కమిటీ వాళ్లు శుభలేఖలో ఉన్నదంతా ఫైలు పేరుగా పెట్టి ఇచ్చారు, శ్రీ శ్రీ శ్రీ నుంచి మొదలు, విండోస్‌లో ఉన్నది ఉన్నట్టే ఉంది, నా సిస్టమ్‌లోకి కాపీ చెయ్యబోతే పేరు పొడవెక్కువ అని మొరాయించింది.

అన్నట్టు ఫోల్డర్ పసుపు పచ్చగా ఎందుకుంటుందో తెలుసా? పాశ్చాత్య ఆఫీసుల్లో వాడే మనీలా అట్ట ఫోల్డర్ రంగు అది, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చే మనీలా హెంప్ అనే అబాకా నారతో చేసేవారు కాబట్టి ఆ పేరు. 1981లో జిరాక్స్ స్టార్ కంప్యూటర్లోనే ఫోల్డర్ బొమ్మ ఉంది. మనవాళ్లు చేసుంటే మాస్టారన్నట్టు ఎర్ర మూట బొమ్మ వచ్చుండేది.


డల్లాస్_అత్తయ్య | సోమవారం 19:25

మాక్ వాళ్ల తరఫున నేనూ ఒక మాట అనేస్తా. మాకు ఈ చీటీలు ముద్రలు బాధ లేదమ్మా, ఏ ఫోటో అయినా కాపీ చేసి ఫోల్డర్ గెట్ ఇన్ఫో తెరిచి పైన మూల చిన్న బొమ్మ మీద నొక్కి పేస్ట్ కొడితే అయిపోయింది. 2025లో వచ్చిన మాక్‌ఓఎస్ టాహో నుంచి ఫోల్డర్‌కి రంగు, ఎమోజీ కూడా పెట్టుకోవచ్చు. కానీ నేను ఎక్కువ వాడేది ట్యాగ్‌లు, 2013లో మావెరిక్స్ వెర్షన్ అప్పట్నుంచి ఉన్నాయి. పక్కన ఎర్ర ట్యాగ్ మీద నొక్కితే ఎక్కడెక్కడో ఉన్న ఎర్రవన్నీ ఒక్క చోట చూపిస్తుంది. మీ విండోస్‌లో ఐకాన్ పెడితే అది కంటికే గానీ వెతకడానికి పనికి రాదు కదా, 143 ఫోల్డర్లలో నల్లవి మాత్రమే చూపించు అంటే చూపించలేదు.

ఒక్కటే ఇబ్బంది, ఇక్కడ మాక్‌లో నింపిన పెన్‌డ్రైవ్ ఇండియాలో మా తమ్ముడికి ఇస్తే "అక్కా ఐకాన్ అని ఒకటి, డీఎస్ స్టోర్ అని ఒకటి, చుక్కా గీతా పెట్టి ఇంకో వంద ఫైళ్లు, ఏంటివి, వైరస్ తెచ్చావా" అన్నాడు. ఫోల్డర్ పేర్లలో పెట్టిన ఎమోజీలు వాడి టీవీలో ఒట్టి డబ్బాలుగా కనబడ్డాయట.


ఎక్సెల్_ఎల్లయ్య | సోమవారం 20:02

అత్తయ్య మాట నిజం. వెతకాల్నంటే పేర్లనే ఉండాలె. తారీఖు ముందు సంవత్సరం పెట్టు అన్న, 2025-05-08 అట్ల. అప్పుడు పేరు ప్రకారం పెట్టినా తారీఖు వరసనే వస్తది. 08-05-2025 అని పెడ్తె అన్ని ఎనిమిదో తారీఖులు ఒక్క తాన జమైతయ్.


తణుకు_స్టూడియో | బుధవారం 21:15

అందరికీ అప్‌డేట్ ఇద్దామని వచ్చానండి. రెండు రోజులు కూర్చుని మొత్తం సర్దా. అసలు పేర్లు ఎల్లయ్య గారు చెప్పినట్టు తారీఖుతో ఇంగ్లీషులో పెట్టి, కనబడే పేరు మాత్రం కోడ్‌కూర గారి గమ్మత్తుతో తెలుగులో పెట్టా. పేర్లు మార్చడం కూడా లైట్‌రూమ్ లోపలి నుంచే చేశా, లేకపోతే మళ్లీ లింకులు తెగేవి. ఐకాన్లు ఐదు చేశా, ఒక్కోదాంట్లో రంగుతో పాటు గుర్తు, నలుపు మీద తెల్లగా రూపాయి. ఐకాన్ ఫైలు ప్రతి ఫోల్డర్ లోపలే. నేను చీటీ పీకేసిన 22 పెళ్లిళ్లకీ ఏ రంగో గుర్తు లేక ఒక్కో పార్టీకి ఫోన్ చేసి "ఆల్బమ్ అందిందా అండి" అని అడిగా, అందులో ఇద్దరు డబ్బుల సంగతి వాళ్లే ఎత్తి ఫోన్‌పే కొట్టేశారు. ఆ రకంగా లాభమే.

నల్లవాటికి ఇన్ఫోటిప్‌లో బాకీ ఎంతో రాసుకున్నా. కుర్రాడు మౌస్ పెట్టి చూసి "అన్నా ఇంతా!" అన్నాడు. డి డ్రైవ్ మీద ఆ కమాండ్ కొట్టనని వాడి చేత పోపుల పెట్టె మీద ఒట్టు వేయించింది మా ఆవిడ.


నెట్‌సెంటర్_నాని | బుధవారం 21:22

సూపర్ అన్నా. ఇంతకీ నల్లవి ఎన్ని?


తణుకు_స్టూడియో | బుధవారం 21:30

అడక్కండి అన్నా కదండి. సరే, 17. అందులో ఒకటి మా బావమరిది పెళ్లిది, మూడేళ్లయింది, ఇన్ఫోటిప్ రాస్తుంటే మా ఆవిడ వెనక నిలబడి చూసింది.


ఎక్సెల్_ఎల్లయ్య | బుధవారం 21:34

దానికి ఆకుపచ్చ పెట్టు అన్న. ఇప్పుడే.